ఇనుము మీది ముద్రలే ఈ తుపాకుల జాతకం

పశువుల సంతలో కోడెను బేరమాడే రైతు ముందు దాని పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, ఆ తరువాతే ధర అడుగుతాడు. జర్మనీలోనూ అమెరికాలోనూ పాత జర్మను రైఫిళ్లను సేకరించే వారి పద్ధతి ఇంచుమించు ఇదే. అమ్మేవాడు చెప్పే కథ వారికి అక్కరలేదు. భూతద్దం పట్టుకుని ఇనుము మీది ముద్రలు చదువుతారు. ఆ చదువులో తప్పు జరిగితే డబ్బు పోవడమే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

మన దేశంలో ఈ ముచ్చటకు వీలు తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. 2019లో చట్టాన్ని సవరించి మామూలు లైసెన్సుదారుకు రెండు చాలునన్నారు. జర్మనీలో కూడా సేకరణదారు ప్రత్యేక అనుమతి పత్రం పొందవలసిందే.

ఈ రైఫిళ్ల కథ మొదలయ్యేది జర్మనీ నైరుతి మూల, నెకార్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్ అనే చిన్న పట్టణంలో. అక్కడి రాజుగారి ఆయుధ కర్మాగారంలో తుపాకులు చేసే ఒకాయన కొడుకులు విల్హెల్మ్ మౌజర్, పాల్ మౌజర్. ఆ అన్నదమ్ములు చేసినదే 1871 రైఫిలు. 11 మిల్లీమీటర్ల తూటా, ఒకసారికి ఒకటే, నల్లమందు. పేలిస్తే పొగ కమ్ముకుని, కాల్చినవాడు ఎక్కడున్నదీ ఎదుటివానికి తెలిసిపోయేది. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవులో మద్రాసు సైన్యపు పాళయంకోట పటాలం దిగేనాటికి, అక్కడి జర్మను వలస సైన్యంలో చాలా దళాల చేతుల్లో ఇంకా ఈ పొగ తుపాకులే ఉన్నాయి.

1886లో ఫ్రాన్సు పొగరాని మందుతో రైఫిలు తెచ్చింది. జర్మనీ కంగారుపడి 1888లో సైనికాధికారుల సంఘం చేత హడావుడిగా ఒకటి చేయించింది. అది మౌజర్‌ది కాదు. అన్న 1882లోనే పోగా, తమ్ముడు పాల్ పట్టువదలక చేసిన 1898 రైఫిలు చివరకు సైన్యానికి దక్కింది. అయిదు తూటాలు పట్టే ఆ రైఫిలు బోల్టు అమరికనే ఈనాటికీ ఎన్నో వేట తుపాకులు అనుసరిస్తున్నాయి.

మందు పేలే గది పైభాగాన ఉండే ముద్రలు అసలైనవి. మొదటి ప్రపంచ యుద్ధపు రైఫిలు మీద కిరీటం, దాని కింద స్పాండావ్, డాంజిగ్, ఎర్ఫర్ట్, ఆంబర్గ్ వంటి కర్మాగారం పేరు, దాని కింద సంవత్సరం ఉంటాయి. కొన్నింటిపై రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. 1917 పక్కన 1920 ఉంటే అది పొరపాటు కాదు. ఓడిన జర్మనీకి లక్ష మంది సైన్యం చాలునని సంధిలో రాశారు. మిగుల్చుకున్న ఆయుధాలు ప్రభుత్వానివని తెలిసేందుకు 1920 అని ముద్ర కొట్టారు.

1934 వచ్చేసరికి సంధిని ఉల్లంఘించి గుట్టుగా తుపాకులు చేయసాగారు. అందుకే పేర్లు మాయమయ్యాయి. ఎస్-42 అంటే ఓబర్న్‌డార్ఫ్ మౌజర్. కె అక్షరం ఉంటే 1934, జి ఉంటే 1935. తరువాత అదే ఫ్యాక్టరీకి బి-వై-ఎఫ్ అన్న మూడక్షరాలు వచ్చాయి. నంబరు కూడా తికమక పెడుతుంది. ఏటేటా ప్రతి ఫ్యాక్టరీ ఒకటి నుంచి మొదలుపెట్టి, పదివేల దాకా వచ్చాక పక్కన ఒక అక్షరం చేర్చేది. కనుక ఒకే నంబరు గల తుపాకులు ఎన్నో ఉంటాయి. ఫ్యాక్టరీ, సంవత్సరం, నంబరు, అక్షరం నాలుగూ కలిస్తేనే ఆనవాలు.

బోల్టు మీద, పట్టీల మీద, చివరకు మరల మీద కూడా అదే నంబరు ఉంటే ఆ రైఫిలుకు మంచి గిరాకీ. రెండవ యుద్ధంలో రష్యావారు పట్టుకున్నవాటిని విప్పి, శుభ్రం చేసి, ఏ బోల్టు చేతికొస్తే దానిని బిగించి కొత్త నంబరు గీశారు. యుగోస్లావియావారు పాత గద్ద ముద్రను అరగదీసి తమది కొట్టుకున్నారు. ఇవి చవక. చవకదాన్ని ఖరీదైనదిగా చూపాలని నంబర్లు అరగదీసి కొత్తవి కొట్టే మోసగాళ్లకూ కొదవలేదు. అరగదీసిన చోట ఇనుము గుంటపడుతుంది, నలుపు రంగు తేడాగా ఉంటుంది. వేలితో తడిమితేనే కొందరు పసిగడతారు. చిత్రమేమంటే పట్టీ కింద కర్ర కోసి ఉన్నా సేకరణదారులు ఈసడించుకోరు. సంచిలో పట్టక అమెరికా సిపాయి అక్కడ కోసి ఇంటికి పట్టుకెళ్లాడన్న దానికి అదే సాక్ష్యం.

వేట తుపాకులకు పేరుపడినది తురింగియా ప్రాంతంలోని జూల్ పట్టణం. పైన రెండు గుళ్ల గొట్టాలు, కింద ఒక రైఫిలు గొట్టం గల మూడు గొట్టాల తుపాకి అక్కడి కమ్మరుల ప్రత్యేకత. 1891 చట్టంతో ప్రతి గొట్టాన్నీ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి కిరీటం కింద అక్షరాలు కొట్టారు. జి ఉంటే లోపల గాడులున్న గొట్టమని అర్థం. 1945లో జర్మన్లంతా తుపాకులు అప్పగించాలని గెలిచినవారు ఆజ్ఞాపించారు. తాతల నాటి వేట తుపాకులు గుట్టలుగా పడ్డాయి. కొన్ని నుజ్జయ్యాయి, కొన్ని సిపాయిల వెంట సముద్రం దాటాయి.

ప్రాణం మీదికి వచ్చేది ఇటువంటి తుపాకులతోనే. 1888 నాటి గుండు వెడల్పు సుమారు 8.08 మిల్లీమీటర్లు. 1905 ప్రాంతంలో వచ్చిన మొనదేలిన గుండు 8.20. తేడా వెంట్రుకవాసి. తూటా దొప్ప మాత్రం రెండింటికీ ఒకటే, కనుక కొత్త తూటా పాత తుపాకిలో సాఫీగా కూర్చుంటుంది. పేల్చినపుడు ఇరుకు గొట్టంలో గుండు బిగిసి, ఒత్తిడి పెరిగి తుపాకి పగిలే ప్రమాదముంది. సైన్యం తన తుపాకుల గొట్టాలను సరిచేయించి ఎస్ అని ముద్ర వేయించింది. వేట తుపాకులు చేసేవారు మాత్రం పాత కొలతనే చాలా ఏళ్లు వాడారు. ఈ భయంతోనే అమెరికా కంపెనీలు ఈ తూటాలో మందు తగ్గించి పోస్తాయి.

అనుభవజ్ఞులైన సేకరణదారులు ముద్ర ఉన్నా దాన్ని నమ్మి ఊరుకోరు. ఖాళీ తుపాకి గొట్టంలోకి నూనె రాసిన మెత్తని సీసపు ముద్దను దట్టించి, రెండో వైపు నుంచి తీస్తారు. దాని మీద పడిన గాడుల అచ్చును మైక్రోమీటరుతో కొలుస్తారు. 8.20 రాకపోతే ఆ రైఫిలు గోడకు వేలాడవలసిందే.