పేరు లేని వృత్తి: పురుషుల లైంగిక విక్రయం, నాడు – నేడు

వేశ్య, గణిక, వెలయాలు, భోగస్త్రీ, సాని – తెలుగు నిఘంటువులలో కనిపించే ఈ మాటలన్నీ స్త్రీవాచకాలే. ఈ వ్యవహారంలో పురుషునికి దక్కిన పేరు విటుడు. అతడు కొనేవాడు, లేదా వేశ్యాగృహాన్ని ఆశ్రయించుకొని తిరిగేవాడు. తన శరీరాన్ని అమ్ముకొనే పురుషునికి మన భాషలో స్థిరపడిన పేరు లేదు. ఇటీవలి పత్రికలు ‘పురుష వేశ్య’ అని రాస్తున్నాయి. అది స్త్రీవాచకానికి ముందు ‘పురుష’ అని తగిలించి సరిపుచ్చుకున్న సమాసం మాత్రమే.

మాట లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. పురుషులు లైంగికతను జీవనోపాధిగా చేసుకున్న దాఖలాలు ఏథెన్స్ నుంచి పాటలీపుత్రం దాకా, ఎడో నుంచి లండన్ దాకా ఉన్నాయి. అయితే శాస్త్రకారుడూ, శాసనకర్తా, వైద్యుడూ వేశ్యావృత్తి అనగానే స్త్రీ కోసమే వెదికారు. కనబడని మనిషికి రక్షణ కల్పించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పేరు లేకపోవడం వల్ల ఆ పురుషునికి కలిగిన నష్టం ఏమిటన్నదే ఈ వ్యాసం చర్చించే విషయం.

ఒక మాట పుట్టిన ఊరు

కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊళ్ళలో శాన్ రామన్ ఒకటి. అక్కడినుంచి కొండలు దాటి, బే వంతెన మీదుగా పడమరకు ఇంచుమించు గంట ప్రయాణిస్తే శాన్ ఫ్రాన్సిస్కో. నేడు తెలుగు పత్రికలు సైతం వాడుతున్న ‘సెక్స్ వర్క్’ అన్న మాట పుట్టినది ఆ నగరంలోనే. 1970ల చివర అక్కడ జరిగిన ఒక మహిళా సదస్సులో కేరొల్ లీ అనే ఉద్యమకారిణి ఆ మాటను ప్రతిపాదించింది. ఒక చర్చావేదికకు పెట్టిన పేరు కొనేవాని చేష్టను వర్ణించేదిగా ఉన్నదనీ, పనిచేసేవారి వైపు నుంచి పేరు పెట్టాలనీ ఆమె వాదం. స్త్రీల హక్కుల కోసం పుట్టిన ఆ మాటకు లింగభేదం లేదు. అందువల్ల అంతకుముందు ఏ మాటలోనూ ఇమడని పురుషుడు కూడా అందులో ఇమిడాడు.

ఆ నగరానికి పురుషుల లైంగిక విక్రయం కొత్త కాదు. 1960లలో టెండర్‌లాయిన్ పేటలోనూ, తరువాత పోక్ వీధిలోనూ ఇళ్ళనుంచి వెళ్ళగొట్టబడిన యువకులు ఎందరో ఈ విధంగానే బతికారు. 1966లో గ్లైడ్ మెమోరియల్ చర్చి అండతో ఆ పేట యువకులు ‘వాన్‌గార్డ్’ అనే సంఘం పెట్టుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో కాంప్టన్స్ కెఫెటీరియాలో పోలీసుల వేధింపులకు ట్రాన్స్‌జెండర్ స్త్రీలూ, వీధిలో బతికే యువకులూ ఎదురుతిరిగారు. అమెరికాలో స్వలింగప్రియుల ఉద్యమానికి ఆరంభంగా చెప్పుకొనే న్యూయార్క్ స్టోన్‌వాల్ ఘటన కన్నా అది మూడేళ్ళు ముందరిది.

చరిత్రలో నాలుగు సాక్ష్యాలు

క్రీ. పూ. 346–345 ప్రాంతంలో ఏథెన్స్ న్యాయస్థానంలో ఐస్కినీస్ అనే వక్త టిమార్కస్ అనే రాజకీయ ప్రత్యర్థి మీద అభియోగం మోపాడు. యౌవనంలో శరీరాన్ని అమ్ముకున్నవాడు పౌరసభలో మాట్లాడడానికి అనర్హుడన్నది అభియోగసారం. ఏథెన్స్ ఆ వృత్తిని నిషేధించలేదు. దానిపై పన్ను సైతం వసూలు చేసింది. బానిసలో పరదేశులో ఆ పని చేస్తే చట్టానికి అభ్యంతరం లేదు. దేహాన్ని అమ్ముకున్న పౌరుడు నగరాన్నీ అమ్ముకుంటాడన్నదే వారి భయం. టిమార్కస్ ఓడిపోయి పౌరహక్కులు పోగొట్టుకున్నాడు. రోమన్ల ప్రీనెస్టి పంచాంగంలోనైతే ఏప్రిల్ 25వ తేదీ ఈ వృత్తిలోని బాలుర పండుగగా నమోదై ఉంది. పండుగ ఉన్నదని వారికి గౌరవం ఉన్నట్లు కాదు. వారిలో అధికులు బానిసలు. ఇష్టాయిష్టాల ప్రసక్తే వారికి లేదు.

రెండవ సాక్ష్యం మనదే. వాత్స్యాయనుని కామసూత్రాలలో ఆరవ అధికరణమైన వైశికం పూర్తిగా గణికలకు సంబంధించినది. పురుషుని ప్రస్తావన అక్కడ కాక, రెండవ అధికరణం తొమ్మిదవ అధ్యాయంలో ‘తృతీయా ప్రకృతి’ని చెప్పేచోట వస్తుంది. ఆ ప్రకృతి రెండు విధాలని ఆయన అంటాడు. స్త్రీరూపం ధరించినవారు వేశ్యవలె జీవించి, అందులోనే సుఖాన్నీ వృత్తినీ పొందుతారు. పురుషరూపంలో ఉన్నవారు తమ కోరికను దాచుకొని సంవాహకులుగా, అంటే ఒళ్ళు పట్టేవారుగా, బతుకుతారు. నేటి ట్రాన్స్‌జెండర్, స్వలింగప్రియ వర్గాలతో వీరిని యథాతథంగా సమానం చేయడం సరి కాదు. కానీ మర్దన వృత్తి చాటున లైంగిక విక్రయం సాగే పద్ధతిని ఆయన గుర్తించాడు. నేటి నగరాల మసాజ్ పార్లర్లలోనూ, మొబైల్ ఫోన్లలోని ప్రకటనలలోనూ కనిపించేది అదే పద్ధతి.

జపాన్‌లో ఎడో యుగాన ‘కగెమా’లనే కిశోరులు ఉండేవారు. వీరిలో పలువురు కబుకి నాటకశాలల్లో శిక్షణ పొందుతున్నవారు. నాటకశాలల చుట్టూ ఉన్న టీ గృహాలు వీరి వ్యాపారస్థలాలు. వారి దగ్గరకు ప్రధానంగా పురుషులూ, కొంతమేరకు స్త్రీలూ వచ్చేవారు.

నాలుగవది 1889 నాటి లండన్ క్లీవ్‌లండ్ వీధి ఉదంతం. పదిహేనేళ్ళ టెలిగ్రాఫ్ కుర్రవాని దగ్గర జీతానికి మించి 14 షిల్లింగులు కనబడడంతో పోలీసులు ఆరా తీశారు. ఒక ఇంట్లో ప్రభువర్గాల వారికి టెలిగ్రాఫ్ కుర్రవాళ్ళను సమకూరుస్తున్నట్లు బయటపడింది. అక్కడికి వచ్చేవారిలో ఒకడైన లార్డ్ ఆర్థర్ సోమర్సెట్ దేశం విడిచి వెళ్ళిపోయాడు. చెరసాల పాలైనది చిన్న ఉద్యోగులు.

నాలుగింటిలోనూ సమాన లక్షణాలు ఉన్నాయి. అమ్ముకొనేవాడు పిన్నవాడు, పేదవాడు లేదా పరాధీనుడు. కొనేవాడు పెద్దవాడు, కలవాడు. ఎవరి పరువు పోతుందన్న దాన్ని బట్టి సమాజం తీర్పు చెప్పింది. ఎవరికి హాని జరిగిందని అడగలేదు.

చట్టం చూపు

మనదేశంలో బ్రిటిష్ ప్రభుత్వం 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ద్వారా పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరం చేసింది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ (1919) నాటి చట్టం నపుంసకుల పట్టిక తయారు చేయించింది. స్త్రీవేషంతో బహిరంగ ప్రదేశాలలో కనబడినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది 2023 జూలైలో.

స్వాతంత్ర్యానంతరం 1956లో వచ్చిన వ్యభిచార నిరోధక చట్టం పేరులోనే ‘స్త్రీలు, బాలికలు’ అని ఉంది. దాని దృష్టిలో అమ్ముకొనే పురుషుడు లేనేలేడు. 1986 సవరణతో ఆ మాటల స్థానంలో ‘వ్యక్తులు’ వచ్చింది. ఆ సవరణలోనే 8వ సెక్షన్‌కు ఒక వింత నిబంధన చేరింది. బహిరంగంగా విటులను పిలిచే నేరానికి స్త్రీకి తొలిసారి ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. పురుషునికైతే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా జైలు. పేరు మారింది కానీ చూపు మారలేదు.

377వ సెక్షన్ అమలులో ఉన్నంతకాలం, తనపై అత్యాచారం జరిగిందని పోలీసులను ఆశ్రయించిన పురుషుడు తన నేరాన్ని తానే ఒప్పుకున్నట్లయ్యేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను ఆ సెక్షన్ పరిధినుంచి తొలగించింది. బలవంతపు చర్య నేరంగానే మిగిలింది. అయితే 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్‌కు సమానమైనది లేదు. అత్యాచార నిర్వచనమేమో స్త్రీకే పరిమితమై ఉంది. నిన్నటిదాకా నేరస్థునిగా చూడబడినవాడు నేడు అత్యాచార బాధితుడు కాలేకపోతున్నాడు. బాలుర విషయంలో మాత్రం 2012 నాటి పోక్సో చట్టం లింగభేదం లేకుండా రక్షణ ఇస్తోంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారు ఈ వృత్తిలో కనబడితే వారిని సెక్స్ వర్కర్లనకూడదు. వారు దోపిడీకి గురైన పిల్లలు.

కాలిఫోర్నియాలో లైంగిక విక్రయమూ కొనుగోలూ నేటికీ నేరాలే. కానీ వ్యభిచార ఉద్దేశంతో వీధిలో తచ్చాడుతున్నారన్న అనుమానం మీద అరెస్టు చేసే నిబంధనను 2022లో రాష్ట్రం రద్దు చేసింది. వేషాన్నీ వాలకాన్నీ చూసి పట్టుకోవడానికి ఆ నిబంధన ఆస్కారమిస్తోందన్నది ప్రధాన ఆక్షేపణ. సమాఖ్య స్థాయిలో 2015లో రెంట్‌బాయ్ వెబ్‌సైటును మూసివేశారు. 2018లో ఇటువంటి ప్రకటనల వెబ్‌సైట్లపై కఠినమైన చట్టం తెచ్చారు. ఆ ప్రకటనల వల్ల విటుల పూర్వాపరాలు ముందే విచారించుకొనే వీలుండేదనీ, అది పోయిందనీ ఈ వృత్తిలోనివారి ఫిర్యాదు. అక్రమ రవాణాను అరికట్టడానికి ఇది అవసరమని ప్రభుత్వ సమర్థన. వీసా మీద ఉన్నవారు ఎరగవలసినది మరొకటి ఉంది: గత పదేళ్ళలో ఈ వృత్తి చేసినవారికి ప్రవేశం నిరాకరించే నిబంధన అమెరికా వలసచట్టంలో ఉంది. అది స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుంది.

విధానాల విషయంలోనూ ప్రపంచం ఏకాభిప్రాయానికి రాలేదు. స్వీడన్ 1999 నుంచి కొనేవారిని మాత్రమే శిక్షిస్తోంది. న్యూజీలాండ్ 2003లో వయోజనుల లైంగిక వృత్తిని నేరాల జాబితానుంచి తొలగించి, కార్మికచట్టాల పరిధిలోకి తెచ్చింది. స్వీడన్ విధానానికి పునాది పురుషుడు స్త్రీని కొంటున్నాడన్న విశ్లేషణ. పురుషుడు పురుషునికి అమ్ముకొనే సందర్భం అందులో సులభంగా ఇమడదు.

నేటి రూపాలు

సినిమాలు చూపే ‘జిగోలో’ ధనవంతులైన స్త్రీల చుట్టూ తిరుగుతాడు. వాస్తవంలో ఈ వృత్తిలోని పురుషుల దగ్గరకు వచ్చేవారిలో అత్యధికులు పురుషులే. అమ్ముకొనేవారందరూ స్వలింగప్రియులు కారు. భార్యాబిడ్డలున్నవారూ, ఉద్యోగం పోయి తాత్కాలికంగా దిగినవారూ, చదువు ఖర్చుల కోసం వచ్చినవారూ ఉంటారు. సినిమా కల్పించిన భ్రమను మోసగాళ్ళు సొమ్ము చేసుకుంటున్నారు. ‘ప్లేబాయ్ ఉద్యోగాలు’ అని ప్రకటించి, రిజిస్ట్రేషన్ రుసుము పేరిట యువకుల దగ్గర డబ్బు గుంజే ముఠాల వార్తలు భారతీయ నగరాలలో తరచు వస్తున్నాయి. తరువాత ఫోటోలు చూపి బెదిరిస్తారు. బాధితుడు సిగ్గుతో నోరు విప్పడన్న ధీమాయే వారి పెట్టుబడి.

వైద్యం చూపు

దేశంలో తొలి హెచ్‌.ఐ.వి. కేసులు 1986లో మద్రాసులో సెక్స్ వర్కర్లైన స్త్రీల రక్తనమూనాలలో బయటపడ్డాయి. ఆ తరువాత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమాలలో ‘సెక్స్ వర్కర్’ వర్గం స్త్రీలకే పరిమితమైంది. పురుషుడు ‘పురుషులతో లైంగిక సంబంధాలు గల పురుషులు’ అన్న వర్గంలో కలిసిపోయాడు. ఆ వర్గం వల్ల పరీక్షలూ, కండోములూ, చికిత్సా చాలామందికి అందాయి. ఆ మేలు తక్కువది కాదు. కానీ అది ఎవరితో అన్నదే చెబుతుంది. ఎందుకు, ఏ ఒత్తిడిలో అన్నది చెప్పదు. ఎక్కువ డబ్బు ఇస్తానని కండోమ్ వద్దనే విటుని ముందు బేరమాడే శక్తి లేకపోవడం ప్రవృత్తికి సంబంధించినది కాదు, బతుకుతెరువుకు సంబంధించినది.

వైద్యశాస్త్రం చేతిలో నేడు మంచి సాధనాలున్నాయి. హెచ్‌.ఐ.వి. సోకకుండా ముందే వాడే ‘ప్రెప్’ మాత్ర పనిచేస్తుందని శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన రాబర్ట్ గ్రాంట్ నాయకత్వంలోని ఐప్రెక్స్ అధ్యయనం 2010లో నిరూపించింది. 2012లో ఆ మాత్రకు అమెరికా ఆమోదం లభించింది. ఆరు నెలలకొకసారి తీసుకొనే లెనకాపవిర్ ఇంజెక్షనుకు 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. ప్రమాదం జరిగిన తరువాత కూడా 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. సంపర్కానంతరం 72 గంటలలోపు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ తీసుకుంటే సిఫిలిస్, క్లమీడియాలు మూడింట రెండు వంతులకు పైగా తగ్గుతాయని శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్ నగరాలలో పురుషులపైనా, ట్రాన్స్‌జెండర్ స్త్రీలపైనా జరిపిన అధ్యయనం 2023లో వెల్లడించింది. హెపటైటిస్ ఎ, బి, హెచ్‌.పి.వి., ఎంపాక్స్‌లకు టీకాలున్నాయి.

ఇవేవీ అడగని రోగికి అందవు. మూత్రపరీక్ష ఒక్కటే చేస్తే గొంతులోనో, పురీషనాళంలోనో దాగిన గనేరియా, క్లమీడియాలు బయటపడవు. అక్కడ అవి చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు. ఆ పరీక్ష రాయాలంటే వైద్యునికి సంగతి తెలియాలి. సంగతి తెలియాలంటే అడగాలి. ఈ సూత్రం మీదనే 1999లో శాన్ ఫ్రాన్సిస్కోలో సెక్స్ వర్కర్లే పూనుకొని సెయింట్ జేమ్స్ ఇన్‌ఫర్మరీ అనే ఉచిత వైద్యశాలను నెలకొల్పారు. స్త్రీ, పురుష, ట్రాన్స్‌జెండర్ భేదం లేకుండా అందరికీ అక్కడ వైద్యం అందించారు.

శాన్ రామన్‌లోనైనా, హైదరాబాదులోనైనా, పెళ్ళైన తెలుగు పురుషుడు ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న వేయడానికి వైద్యుడు జంకుతాడు. అడిగే తీరు తెలిస్తే జంకవలసిన పని లేదు. ‘ఇది అందరినీ అడిగే ప్రశ్న’ అని ముందుగా చెప్పాలి. తరువాత ‘డబ్బు కోసమో, వసతి కోసమో, మరే అవసరం కోసమో ఎవరితోనైనా లైంగిక సంబంధం పెట్టుకోవలసి వచ్చిందా?’ అని అడగాలి. ఈ ప్రశ్నలో వేశ్య అన్న మాట లేదు. స్త్రీ, పురుషుడు అన్న మాటలూ లేవు. ఔనన్న జవాబు వస్తే, చేయవలసిన పరీక్షలేవో, ఇవ్వవలసిన మందులేవో ఈనాటి వైద్యునికి తెలుసు.