యూదు ప్రార్థనాసమాజంలో రబ్బీ నాయకత్వం – కౌమారవిద్య: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యూదు మతంలో రబ్బీ ప్రధానంగా బోధకుడు. పదమూడేళ్లకు జరిగే బార్ మిత్స్వా సంస్కారం బాలుడిని మతవిధులకు బాధ్యుణ్ణి చేస్తుంది. అయితే ఆధునిక అమెరికాలోని అనేక ప్రార్థనాసమాజాల్లో ఈ సంస్కారమే చదువుకు ముగింపుగా మారింది. ఈ పరిణామానికి గల కారణాలను, దానిని ఎదుర్కోవడానికి రబ్బీలు, సామాన్య సభ్యులు చేసిన ప్రయత్నాలను, వాటి ఫలితాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రబ్బీ, సినగాగ్, బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా, కన్ఫర్మేషన్, కౌమారవిద్య, తల్మూద్.

1. ఉపోద్ఘాతం:
'రబ్బీ' అనే మాట తెలుగువారికి బైబిల్ అనువాదం ద్వారా పరిచయమైంది. అక్కడ దానికి 'బోధకుడు' అనే అర్థమే ఇచ్చారు. హీబ్రూలో ఈ పదానికి 'నా గురువు', 'నా అయ్య' అని అర్థం. రబ్బీని పూజారిగా భావించడం పొరపాటు. యెరూషలేము దేవాలయంలో బలులు అర్పించిన యాజకులది వంశపారంపర్యమైన పదవి. రబ్బీ పదవి చదువు వల్ల లభించేది. సా.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని ధ్వంసం చేసిన తర్వాత బలిపీఠం స్థానాన్ని గ్రంథాధ్యయనం, ప్రార్థన ఆక్రమించాయి. యాజకుడి స్థానంలో పండితుడు నాయకుడయ్యాడు. కాబట్టి రబ్బీ నాయకత్వాన్ని అంచనా వేయాలంటే అతని సమాజంలో పిల్లలు ఏం చదువుతున్నారో, ఎంతకాలం చదువుతున్నారో చూడవలసి ఉంటుంది.

2. ప్రాచీన గ్రంథాల్లో కౌమారవిద్య:
పిల్లలకు తోరా నేర్పే బాధ్యతను యూదు ధర్మశాస్త్రం మొదట తండ్రికి అప్పగించింది. తండ్రి కుమారుడికి చేయవలసిన వాటిలో తోరా నేర్పడం, వృత్తి నేర్పడం ఉన్నాయి. ఈత నేర్పడాన్ని కూడా కొందరు పండితులు ఈ జాబితాలో చేర్చారు. తండ్రి లేని పిల్లల గతి ఏమిటన్న ప్రశ్న నుంచి పాఠశాల పుట్టిందని బాబిలోనియా తల్మూద్‌లోని బాబా బత్రా భాగం చెబుతుంది. ఆ కథనం ప్రకారం ముందుగా యెరూషలేములో, తర్వాత ఒక్కొక్క మండలంలో గురువులను నియమించి పదహారు, పదిహేడేళ్ల యువకులను చేర్చారు. గురువు కోపగించుకుంటే శిష్యుడు ఎదురుతిరిగి వెళ్లిపోయేవాడు. చివరకు ప్రధాన యాజకుడు యెహోషువ బెన్ గమ్లా ప్రతి పట్టణంలోనూ గురువులను ఏర్పాటు చేసి, ఆరేడేళ్ల వయసులోనే పిల్లలను బడిలో చేర్పించాడు.

ఈ కథనం కౌమారవిద్య చరిత్రకు కీలకమైనది. కౌమారంలో ఉన్నవారిని అధికారంతో కూర్చోబెట్టలేమని ఆ సంప్రదాయం తొలి దశలోనే గుర్తించింది. చదువును చిన్న వయసులోనే ఆరంభించడం ఆనాటి పరిష్కారం. అదే భాగంలో ఒక గురువుకు ఇరవై ఐదుగురు పిల్లలు ఉండాలనీ, నలభై మంది ఉంటే సహాయకుడిని నియమించాలనీ, యాభై మందికి ఇద్దరు గురువులు కావాలనీ నియమం ఉంది. సహాయకుడి ఖర్చులో పట్టణం పాలుపంచుకోవాలి. అంటే చదువు తండ్రి సొంత వ్యవహారంగా మిగలక సమాజం బాధ్యతగా మారింది.

మిష్నాలోని అవోత్ ప్రకరణం వయసుకు తగిన చదువును నిర్దేశించింది. ఐదేళ్లకు వేదగ్రంథం, పదేళ్లకు మిష్నా, పదమూడేళ్లకు విధుల పాలన, పదిహేనేళ్లకు తల్మూద్ అధ్యయనం అన్నది ఆ క్రమం. ఇందులో పదమూడేళ్ల తర్వాత చదువు ఆగదు, అసలైన తర్కవిద్య అప్పుడే మొదలవుతుంది.

3. బార్ మిత్స్వా – ప్రవేశమా, నిష్క్రమణమా?:
'బార్ మిత్స్వా' అంటే విధికి బద్ధుడైనవాడు. పదమూడేళ్లు నిండిన బాలుడు ఏ ఉత్సవమూ లేకున్నా ఆ స్థితిని పొందుతాడు. ప్రార్థనకు అవసరమైన పదిమందిలో ఒకడిగా లెక్కకు వస్తాడు. తోరా పఠనానికి వేదిక మీదికి పిలిచే ఆచారం, విందు మధ్యయుగాల్లో యూరప్‌లో క్రమంగా స్థిరపడ్డాయి. దీనిని ఉపనయనంతో పోల్చాలనిపించవచ్చు. కాని ఉపనయనం గురువు చెంత విద్య ఆరంభించడానికి అర్హతనిచ్చే సంస్కారం. బార్ మిత్స్వా అప్పటికే కొన్నేళ్లు చదివిన బాలుడు ఇకపై తన నడతకు తానే జవాబుదారీ అని చాటే సందర్భం.

అమెరికాకు వలస వచ్చిన యూదు కుటుంబాల్లో ఈ అర్థం మారింది. పిల్లలు రోజంతా ప్రభుత్వ పాఠశాలలో చదివేవారు. మతవిద్యకు ఆదివారాలు, కొన్ని సాయంత్రాలు మాత్రమే మిగిలాయి. ఉన్న కొద్దిపాటి సమయాన్ని తల్లిదండ్రులు సంస్కారంనాటి పఠనాన్ని కంఠస్థం చేయించడానికే వినియోగించమని కోరారు. ఉత్సవం ముగిసిన మరుసటి వారం నుంచి పిల్లవాడు తరగతికి రావడం మానేసేవాడు. 20వ శతాబ్దిలో అనేక ప్రార్థనాసమాజాలు బార్ మిత్స్వాకు ముందు కొన్నేళ్ల హాజరును తప్పనిసరి చేశాయి. ఈ నియమం వల్ల బడిలో చేరేవారి సంఖ్య పెరిగింది. కాని చదువు సంస్కారానికి అర్హత సంపాదించే మార్గం మాత్రమేనన్న భావం కూడా బలపడింది. చదువును కాపాడడానికి చేసిన నియమమే చదువుకు గడువు నిర్ణయించింది.

4. రబ్బీ అధికార స్వరూపం:
ఈ పరిస్థితిని రబ్బీ ఆజ్ఞతో మార్చలేకపోవడానికి కారణం అమెరికాలోని ప్రార్థనాసమాజ నిర్మాణంలో ఉంది. అక్కడ దేశానికంతటికీ ఒక ప్రధాన రబ్బీ లేడు. ప్రతి సమాజం సభ్యుల చందాలతో నడుస్తుంది. సభ్యులు ఎన్నుకున్న పాలకమండలి రబ్బీని ఒప్పందంపై నియమిస్తుంది. ధర్మశాస్త్ర విషయంలో అతనిదే తుదిమాట కావచ్చు. బడ్జెట్టు, బడి వేళలు, సిబ్బంది నియామకం మాత్రం మండలి చేతిలో ఉంటాయి. తల్లిదండ్రులు ఒకవైపు రబ్బీకి శిష్యులు, మరొకవైపు అతనికి జీతమిచ్చే సభ్యులు. నిబంధనలు కఠినమైతే కుటుంబం వేరొక సినగాగ్‌కు వెళ్లిపోవచ్చు. అందువల్ల ఒప్పించగల శక్తే రబ్బీకి ప్రధాన సాధనమైంది.

రబ్బీల శిక్షణకు 1875లో సిన్సినాటిలో హీబ్రూ యూనియన్ కళాశాల ఏర్పడింది. న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీ 1886లో స్థాపితమైంది. పూర్వం రబ్బీ ముఖ్యంగా తీర్పరి, తల్మూద్ పండితుడు. అమెరికాలో ప్రసంగం, పరామర్శ, వివాహాలు, అంత్యక్రియలు, నిర్వహణ అతని దినచర్యలో పెద్ద భాగమయ్యాయి. బోధకుడన్న బిరుదు గల వ్యక్తికి బోధించే సమయం తగ్గిపోవడం ఈ పదవిలోని ప్రధాన వైరుధ్యం.

5. ప్రత్యామ్నాయ ప్రయత్నాలు:
5.1 కన్ఫర్మేషన్: 19వ శతాబ్ది ఆరంభంలో జర్మనీలోని సంస్కరణవాదులు ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. తరగతి మొత్తం కలిసి, ఎక్కువగా తోరా ప్రదానాన్ని స్మరించే షవూత్ పండుగనాడు, తమ విశ్వాసాన్ని ప్రకటిస్తుంది. ఇందులో బాలికలకూ చోటు లభించింది. అమెరికాలో దీని వయసును క్రమంగా పదహారేళ్ల దాకా పెంచారు. అనేక సమాజాల్లో ఈ తరగతిని రబ్బీ స్వయంగా బోధిస్తాడు. పదమూడేళ్లకు తెగిపోయే బంధాన్ని మరికొన్నేళ్లు నిలపడం దీని ప్రయోజనం.

5.2 స్త్రీల ప్రవేశం: 1838లో ఫిలడెల్ఫియాలో రెబెక్కా గ్రాట్జ్ హీబ్రూ సండే స్కూల్‌ను స్థాపించారు. అందులో బోధించినవారు స్త్రీలు. రబ్బీ పట్టా లేనివారి చేతుల్లోనే అమెరికా యూదు బాలల విద్య రూపుదిద్దుకుందనడానికి ఇది నిదర్శనం. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకై కప్లాన్ తన కుమార్తె జూడిత్‌కు బాత్ మిత్స్వా జరిపించారు. ఆమె తోరా చుట్ట నుంచి కాక అచ్చు పుస్తకం నుంచి చదివింది. పరిమితమైన ఆ మార్పు తర్వాతి దశాబ్దాల్లో బాలికలందరి చదువుకూ దారి తీసింది. 1935లో జర్మనీలో రెగీనా యోనాస్ రబ్బీ పట్టా పొందారు. ఆమె 1944లో ఆష్విట్జ్‌లో హతురాలయ్యారు. 1972లో శాలీ ప్రీసాండ్ అమెరికాలో కళాశాల నుంచి పట్టా పొందిన తొలి మహిళా రబ్బీ అయ్యారు.

5.3 యువజన సంఘాలు, శిబిరాలు: సంస్కరణవాద శాఖ 1939లో, కన్సర్వేటివ్ శాఖ 1951లో జాతీయ స్థాయి యువజన సంఘాలను ఏర్పరచాయి. 1947లో విస్కాన్సిన్‌లో తొలి రామా వేసవి శిబిరం ప్రారంభమైంది. 1952లో అదే రాష్ట్రంలోని ఒకొనొమొవాక్‌లో సంస్కరణవాదుల శిబిరం వచ్చింది. శిబిరంలో రబ్బీ వేదిక మీద కనిపించడు. పిల్లలతో కలిసి భోజనం చేస్తాడు, పాడతాడు, చెట్టు కింద కూర్చుని చదువుతాడు. విశ్రాంతిదినాన్ని గురించి పాఠం వినడానికి బదులు పిల్లలు ఆ దినాన్ని పాటిస్తారు. అయితే వేసవిలో కలిగిన ఉత్సాహాన్ని శీతకాలపు తరగతిగది నిలపలేకపోయినప్పుడు శిబిరం, సినగాగ్ రెండు వేర్వేరు లోకాలుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

5.4 సహాయక బోధకులు: నేడు పలు సమాజాల్లో బార్ లేదా బాత్ మిత్స్వా పూర్తయిన విద్యార్థులు 'మద్రిఖిమ్' అనే పేరుతో చిన్న పిల్లలకు హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు నేర్పుతారు. ఆ పదానికి మార్గదర్శులని అర్థం. ఇద్దరిద్దరుగా కూర్చుని పాఠాన్ని వాదించి చదివే 'హవ్రూతా' పద్ధతిని కూడా కౌమార తరగతుల్లో ఉపయోగిస్తారు. ఈ రెండింటిలోనూ విద్యార్థి తానే మరొకరికి జవాబు చెప్పవలసి వస్తుంది.

5.5 పూర్తికాల పాఠశాలలు: సంప్రదాయవాద సమాజాల్లో పరిస్థితి వేరు. అక్కడి పిల్లల్లో అధికులు రోజంతా నడిచే యూదు పాఠశాలలో చదివి, కౌమారంలో యెషీవాలో తల్మూద్ అధ్యయనం కొనసాగిస్తారు. అవోత్ నిర్దేశించిన క్రమానికి ఇది దగ్గరగా ఉంది. కాని దీనికి అధిక వ్యయం, నిత్యజీవితమంతా మతవిధులకు లోబడే కుటుంబం అవసరం.

6. భారతీయ, తెలుగు సందర్భం:
భారతదేశంలోని బెనె ఇజ్రాయేల్, కొచ్చిన్ యూదు సమాజాల్లో స్థానిక రబ్బీ వ్యవస్థ ఏర్పడలేదు. ప్రార్థన నడిపించే హజ్జాన్లు, ఊరి పెద్దలు ఆచారాన్ని నిలబెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన గ్రంథం ఈ సమాజపు కుల, మత గుర్తింపులను చర్చించింది. మాదిగ నేపథ్యం గల ఈ సమాజంలో యూదు ఆచారాలను అభ్యసించడం ఆత్మగౌరవంతో ముడిపడి ఉంది. అమెరికాలో వారసత్వంగా వచ్చిన గుర్తింపును యువత నిలుపుకుంటుందా అన్నది సమస్య. ఇక్కడ యువత తమ గుర్తింపును చదువు ద్వారా నిర్మించుకోవలసి ఉంది. పట్టా పొందిన నాయకత్వం కంటే నిరంతరం బోధించే మనిషి ఉండడమే ముఖ్యమని ఈ రెండు సందర్భాలూ సూచిస్తాయి.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.
1. కౌమారవిద్యలో ఎదురయ్యే ప్రతిఘటన ఆధునికతతో వచ్చినది కాదు. తల్మూద్ కాలానికే అది తెలిసిన సమస్య.
2. సంస్కారానికి హాజరును షరతు చేయడం వల్ల సంఖ్య పెరిగింది. ఆ సంస్కారం దాటిన తర్వాత చదవడానికి కారణం మాత్రం మిగల్లేదు.
3. రబ్బీ అధికారం ఒప్పందానికి, ఒప్పించడానికి లోబడినది. అందువల్ల తల్లిదండ్రులు, పాలకమండలి భాగస్వాములు కానిదే ఏ సంస్కరణా నిలవదు.
4. శిబిరం, సహాయక బోధన, హవ్రూతా వంటి పద్ధతుల్లో యువతకు పని, మాట రెండూ దక్కుతాయి. ఇవి శ్రోతగా కూర్చోబెట్టే పద్ధతికి భిన్నమైనవి.

పదమూడేళ్ల బాలుడిని పెద్దవాడని వేదిక మీద ప్రకటించిన సమాజం మరుసటి వారం అతనికి పెద్దవాడు చేయవలసిన పని ఏదీ అప్పగించకపోతే ఆ ప్రకటన మాటగానే మిగిలిపోతుంది. ఆ పనిని చూపించి, అది నేర్చుకునే దాకా వెంట ఉండడంలోనే రబ్బీ అనే పదానికి ఉన్న బోధకుడనే అర్థం నెరవేరుతుంది.