అడక్కుండానే చేర్చారు, మరి ఎందుకు ఉండిపోయారు?

మన దగ్గర పీఎఫ్ కోత వద్దనే వీలు చాలామంది ఉద్యోగులకు ఉండదు. బ్రిటన్‌లో ఉంది. 2012 అక్టోబరులో పెద్ద కంపెనీలతో మొదలైన పద్ధతి ప్రకారం, 22 ఏళ్లు నిండి ఏటా 10,000 పౌండ్లకు పైగా జీతం ఉన్నవాళ్లను యజమానే పింఛను పథకంలో చేర్చాలి. ఇష్టం లేనివాళ్లు నెలలోగా తప్పుకోవచ్చు, కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. అయినా తప్పుకున్నది పదిమందిలో సుమారు ఒక్కరే. ప్రైవేటు రంగంలోని అర్హుల్లో 2012లో దాదాపు 42 శాతానికే ఇలాంటి పొదుపు ఉండేది. పదేళ్లు తిరక్కముందే అది సుమారు 85 శాతానికి చేరింది.

దీనికి అందరూ చెప్పే కారణం బద్ధకం. అందులో నిజముంది. ఒకప్పుడు చేరడానికి కాగితాలు నింపాలి, ఇప్పుడు మానడానికి నింపాలి. ఆ ఫారం మామూలుగా పింఛను సంస్థ దగ్గరే తీసుకోవాలి. మానేయమని యజమాని ఉసిగొల్పితే చట్టవిరుద్ధం. మానేసినవాళ్లను కూడా సుమారు మూడేళ్లకోసారి మళ్లీ చేరుస్తారు.

కానీ బద్ధకమొక్కటే అయితే టర్కీలోనూ జనం ఉండిపోవాలి. అక్కడ 2017లో 45 ఏళ్లలోపు ఉద్యోగులను ఇలాగే చేర్చి, జీతంలో 3 శాతం కోశారు. రెండు నెలల్లో మానుకోవచ్చన్నారు. సగం మందికి పైగా వెళ్లిపోయారు. ఉద్యోగి కట్టినదాని మీద ప్రభుత్వం తనవంతు 25 శాతం కలిపినా, యజమాని మాత్రం పైసా వెయ్యలేదు. అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

బ్రిటన్ పేస్లిప్ చూడండి. ఏడాదికి 24,000 పౌండ్ల జీతంలో మొదటి 6,240 లెక్కలోకి రాదు. మిగిలిన 17,760 మీద కనీసం 8 శాతం జమవ్వాలి, అంటే నెలకు సుమారు 118 పౌండ్లు. ఇందులో ఉద్యోగి చేతినుంచి పోయేది 59. యజమాని వాటా 44, పన్ను రాయితీ 15. మానేస్తే యజమాని ఇచ్చే 44 పౌండ్లు జీతంలో కలవవు, పోయినట్టే. 2018 ఏప్రిల్‌లో మొత్తం వాటాను 2 నుంచి 5 శాతానికి, మరుసటి ఏప్రిల్‌లో 8కి పెంచినా జనం మూకుమ్మడిగా వెళ్లిపోలేదు. కనీస వేతనం పెరిగేదీ ఏప్రిల్‌లోనే కాబట్టి, కోత పెరిగిన సంగతి చాలామందికి అంతగా తెలిసి ఉండకపోవచ్చు.

మరి మానేసేదెవరు? తొలి ఏళ్లలో 50 దాటినవాళ్లలో మానేసినవాళ్ల శాతం ఎక్కువ. ఇంక ఎన్నేళ్లు కడతాం, ఏం మిగులుతుంది అనుకుని ఉండొచ్చు. వీసా మీద వెళ్లిన మన తెలుగువాళ్ల చిక్కు వేరు. వాళ్లనూ అందరిలాగే చేరుస్తారు, కానీ ఆ డబ్బు మామూలుగా 55 ఏళ్లు వచ్చేదాకా చేతికి రాదు. 2028 నుంచి 57. అప్పుచేసి వెళ్లిన కేర్‌హోమ్ ఉద్యోగికి ఆ 59 పౌండ్లు ఈ నెల వడ్డీకి కావాలి. వాళ్లకు ముందుచూపు లేదనడం అన్యాయం. అంత ఒత్తిడి లేనివాళ్లు మాత్రం యజమాని వాటా వదులుకోకుండా ఉండిపోవడమే మేలు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది, అసలు లెక్కలోకే రానివాళ్ల సంగతి. రెండు చోట్ల పార్ట్‌టైమ్ చేస్తూ ఒక్కోచోట 9,000 పౌండ్లు తెచ్చుకునే మనిషి సంపాదన 18,000. అయినా ఏ యజమానీ తనంతట తాను చేర్చక్కర్లేదు, ఎందుకంటే 10,000 పరిమితి ఒక్కో ఉద్యోగానికి విడివిడిగా చూస్తారు. తానుగా అడిగితే మాత్రం ఇద్దరూ చేర్చుకుని తమ వాటా కట్టాల్సిందే. ఆ పరిమితిని మొత్తం సంపాదన మీద చూడాలి.