సీటు విప్పితే సైన్సు పాఠం

"తెలుగులో సైన్సు చదివితే ఏం లాభం సార్?" హోసూరు దగ్గరి మా బడిలో ఓ తండ్రి అడిగాడు. వానల్లో ఆయన బండి సీటు చిరిగి, స్పాంజి నీళ్లు తాగి, ఎనిమిదో తరగతి కొడుకు రోజూ తడిసిన ప్యాంటుతో వచ్చేవాడు. కొత్త సీటుకు డబ్బుల్లేవు. శనివారం ఆ సీటే విప్పి, పిల్లల ముందు పాఠంగా పెట్టాను.

సీటు కింది పలక పగిలింది. అది థర్మోప్లాస్టిక్. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. ఇలాంటి పలకలకు మామూలు జిగురు సరిగా పట్టదు. అందుకే పగులు మీద సన్నని ఉక్కు జాలీ పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో లోపలికి అదిమాం. స్పాంజి అలా కరగదు; మాడి విషపు పొగ వదులుతుంది. కాబట్టి దాన్ని ముందే పక్కకు తీయాలి. వేడి పని గాలి ఆడేచోట పెద్దలే చేయాలి.

స్పాంజిని పిండి, నీడన పూర్తిగా ఆరబెట్టాం. పొడిరాలిన చోట కోసి, కొత్త ముక్కను రబ్బరు సొల్యూషన్‌తో అతికించాం. పైన రెగ్జిన్ బిగించి, పలక మందం దాటని పిన్నులు కొట్టాం. నీరు కారే రంధ్రాలు మూయలేదు.

వారం తర్వాత ఆ తండ్రి పక్కింటివాళ్ల సీటు తెచ్చాడు. ఏది కరుగుతుందో, ఏది కరగదో ఈసారి కొడుకే ఆయనకు చెప్పాడు, తెలుగులోనే.