ఏరు వేసిన నేల ఎవరిది?

గంగ మైదానం రైతులు ఒండ్రునేలకు రెండు పేర్లు పెట్టుకున్నారు. వరద అందని మెరక మీది పాత ఒండ్రు భాంగర్. తవ్వితే సున్నపు గులకలు తగులుతాయి. వరదొచ్చినప్పుడల్లా కొత్త పొరపడే పల్లపు నేల ఖాదర్. మన గోదారి లంకలు ఈ రెండో రకమే. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఏరు ఒకచోట కోస్తుంది, ఇంకోచోట వేస్తుంది. ఒండు పడితే ఆ ఏడు నేల ఎరువు పెద్దగా అడగదు. ఇసుక మేటేస్తే గడ్డీ మొలవదు.

మెరక పొలానికి హద్దురాయుంది. లంకలో రాయి నిలవదు గదా! అందుకే కొత్త నేల తేలగానే బలమున్నోడు ముందు దున్నేస్తాడు, కూలోడు వాడి దగ్గరే కౌలుకు తీసుకుంటాడు. కూలీల సంఘం పేర లీజు రాయించిన చోటా చూశాం: కాగితం మీద పేర్లు మనవి, గాదె ఇంకొకరిది. వరద తీయగానే లంక కొలవమని అర్జీ పెట్టాలి. దుక్కి అయ్యాక పెడితే సర్వేయరు వచ్చేసరికి పైరు కనబడుతుంది.