దువ్వెనకు వచ్చిన జుట్టు

మా సంఘంలో ఒక సహోదరి వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. పలకరిద్దామని ఇంటికి వెళ్తే పమిట చెంగు నుదుటి దాకా లాక్కుని కూర్చున్నారు. రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ మొదలైంది. రెండు వారాలు దాటేసరికి దువ్వెనకు గుప్పెళ్లతో జుట్టు ఊడి వచ్చిందట. "జబ్బని తెలిసినప్పుడు ఏడవలేదు అయ్యగారూ, అద్దం చూసుకుని ఏడ్చాను. ఆడదానికి జుట్టే ఘనమని బైబిల్లో ఉందిగా! దేవుడు తలవెంట్రుకలు లెక్కపెట్టాడంటారు, మరి నా లెక్క ఏమైంది?" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ వారమంతా జుట్టు గురించే చదివాను.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. పైకి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. గోరులాగే అది కెరాటిన్ అనే ప్రొటీన్. కత్తిరిస్తే నొప్పి పుట్టనిది అందుకే. ప్రాణమంతా చర్మం కింద కుదురులో ఉంటుంది. ఈ కుదుళ్లు తల్లి గర్భంలోనే ఏర్పడతాయి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మన ఇళ్లలో అంటారు గానీ, కత్తికి ఆ శక్తి లేదు. ఒక్కో కుదురు 2 నుంచి 6 ఏళ్లు పనిచేస్తుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుని, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. అప్పుడు పాత వెంట్రుక రాలి కొత్తది మొదలవుతుంది. అన్ని కుదుళ్లూ ఒకేసారి విశ్రమించవు కనుక తల బోడి కాదు.

అంటే ఆరోగ్యవంతులకు కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. ప్రభువు చెప్పిన ఆ లెక్క (మత్తయి 10:30) ఒకసారి రాసి మూసేసే పద్దు కాదన్నమాట. పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది. పైగా ఆ మాట ఆయన శ్రమల్లోకి పంపుతున్న శిష్యులతో చెప్పాడు. వెంట్రుక రాలదని ఆయన అక్కడ అనలేదు. పిచ్చుక నేలకు పడుతుందనే అన్నాడు, కానీ తండ్రికి తెలియకుండా కాదు.

ఇక కీమో సంగతి. క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి. ఆ వేగాన్ని బట్టే మందు వాటిని పట్టుకుంటుంది. మన ఒంట్లో అంత చురుగ్గా పనిచేసే కణాల్లో జుట్టు కుదుళ్లవీ ఉన్నాయి. మందుకు తేడా తెలియదు, రెంటినీ కొడుతుంది. అయితే కుదురు సాధారణంగా చావదు. చికిత్స ముగిశాక ఒకటి నుంచి మూడు నెలల్లో నూగు మొదలవుతుంది. గాజా చెరసాలలో సమ్సోనుకు క్షౌరం తర్వాత జుట్టు మళ్లీ మొలవసాగిందని న్యాయాధిపతుల గ్రంథంలో (16:22) చదువుతాం కదా!

మంగళవారం వెళ్లి ఇదంతా ఆమెకు చెప్పాను. పౌలు ఆ మాట జబ్బుపడిన వారిని ఉద్దేశించి రాయలేదని కూడా చెప్పాను. ఏమీ అనలేదు. ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు.

చికిత్స పూర్తయిన కొన్ని నెలలకు, సండేస్కూల్ పిల్లల ముందు తానే ముసుగు తీసి చూపించారు. అంగుళం జుట్టు, ఉంగరాలు తిరిగి ఉంది. కీమో తర్వాత కొందరికి అలా వస్తుంది. "ఇదివరకు నాది సాఫీగా ఉండేదర్రా" అని ఆమె చెబుతుంటే, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ముట్టుకుని చూశారు.