పిల్లల కార్టూన్లు ఏం నేర్పుతున్నాయి? పన్నుల పాఠం నుంచి బుర్ఖా అవెంజర్ దాకా

భావనపాడు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఇంటి పట్టున ఉంటారు. బడులకీ ఇంచుమించు అప్పుడే సెలవులు. సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు లాంటి తీర గ్రామాల్లో ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఎక్కువసేపు ఉండేది ఈ రెండు నెలలే. టీవీ అయినా ఫోన్ అయినా ఎక్కువగా పిల్లల చేతిలో ఉండేదీ అప్పుడే. వాళ్ళు పెట్టేది కార్టూనే.

"చిన్నపిల్లల బొమ్మలే కదా, చూడనీ" అనేవాళ్ళు కొందరు. "అందులో ఏం నూరిపోస్తున్నారో ఎవరికి తెలుసు" అని భయపడేవాళ్ళు మరికొందరు. ముస్లిం ఇళ్ళలో ఈ రెండో మాట కాస్త గట్టిగానే వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో మన కుటుంబాలు తక్కువ. తరగతిలో తన లాంటి పేరున్న పిల్లలు ఒకరో ఇద్దరో ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. అలాంటి బిడ్డకి లోకంలో తన చోటు ఎక్కడుందో చెప్పే వాటిలో కార్టూన్ కూడా ఒకటి. అందుకే ఈ చర్చని తేలిగ్గా తీసుకోకూడదు.

సందేశం కోసమే పుట్టిన కార్టూన్లు

కార్టూన్‌తో మంచి మాట చెప్పించడం కొత్తేమీ కాదు. దక్షిణాసియా దేశాల్లో ఆడపిల్లల చదువు, ఆరోగ్యం, చిన్న వయసు పెళ్ళిళ్ళు, కట్నం గురించి మాట్లాడేందుకు 1990లలో యునిసెఫ్ 'మీనా' అనే పాత్రని తయారుచేయించింది. ఆ పనిలో మన దేశ యానిమేషన్‌కి పెద్దదిక్కు లాంటి రామ్‌మోహన్‌ది ముఖ్యపాత్ర. మీనాకి ఒక తమ్ముడు రాజు, ఒక చిలక మిఠూ. అన్నం దగ్గర తమ్ముడికి ఎక్కువ, అక్కకి తక్కువ ఎందుకు అని అడిగే కథ అది. బంగ్లాదేశ్ నుంచి నేపాల్ దాకా పిల్లలు ఆ కథలు చూశారు. పేరు చూసి ఏ మతం అమ్మాయో చెప్పలేని విధంగా, అన్ని దేశాల వాళ్ళూ మన పిల్లే అనుకునేలా ఆ పాత్రని రూపొందించారు.

ప్రభుత్వాలు కూడా ఈ దారి పట్టాయి. 2021 అక్టోబరులో చాచా చౌదరిని గంగా నది ప్రక్షాళన పథకం 'నమామి గంగే'కి మస్కట్‌గా ప్రకటించారు. 2022 జూన్‌లో ఆదాయపు పన్ను శాఖ పిల్లలకి పన్నుల గురించి చెప్పేందుకు బోర్డు ఆటలతో పాటు మోటు పత్లు బొమ్మలతో డిజిటల్ కామిక్స్ తెచ్చింది. కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పణజిలో వాటిని విడుదల చేశారు. 2023 అక్టోబరులో సమాచార, ప్రసార శాఖ 'భారత్ హై హమ్' అనే యానిమేషన్ సిరీస్‌ని దూరదర్శన్‌తో పాటు నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్‌లలో పెట్టింది. పెద్దగా పేరు వినపడని స్వాతంత్ర్య యోధుల కథలు అందులో ఉన్నాయి. వారిలో ఒకరు పీర్ అలీ ఖాన్. 1857లో పట్నాలో పుస్తకాలు అమ్ముకుంటూ తిరుగుబాటులో చేరి, ఉరికంబం ఎక్కిన మనిషి.

ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలతాయి. మంచి విషయం పిల్లలకి నచ్చిన బొమ్మతో చెప్పిస్తే తప్పేంటి అన్నది ఒక వాదన. పన్ను కట్టాలి, నది పాడుచేయకూడదు అనడంలో ఎవరికి నష్టం? ఇష్టమైన పాత్ర నోటితో వచ్చిన మాటని బిడ్డ ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మేస్తాడు కదా అన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. పన్ను ఎందుకు కట్టాలో కామిక్ చెబుతుంది. ఆ డబ్బు మన ఊరి రోడ్డుకి వచ్చిందా లేదా అన్నది ఇంట్లో పెద్దలే చెప్పాలి. పీర్ అలీ కథ చూసిన బిడ్డకి, మన జిల్లాల్లో ఇంకెవరెవరు పోరాడారో చెప్పాల్సిందీ పెద్దలే.

ఇంకో లెక్క కూడా మర్చిపోకూడదు. ఛానల్‌లో వచ్చే కార్టూన్‌కి డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది. హీరో బొమ్మ ఉన్న బ్యాగు, టిఫిన్ డబ్బా, చెప్పుల నుంచీ వస్తుంది. బిడ్డ చూసే ప్రతి కథ వెనకా 'ఇది కొను' అన్న సందేశం ఒకటి ఉంటుంది. బడులు తెరిచే ముందు బజారుకి వెళ్ళిన ఏ తల్లికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

నోటితో చెప్పని సందేశం

నేరుగా చెప్పిన మాట కంటే చెప్పకుండా చూపించింది ఎక్కువ అంటుకుంటుంది. దీనికి మనకి దగ్గరి ఉదాహరణ ఛోటా భీమ్. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారీ, రాజీవ్ చిలకా సృష్టి. 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. తెలుగు నేల మీద తయారై దేశమంతా చూసిన కార్టూన్ ఇది.

భీమ్ బలవంతుడు, సాయం చేసేవాడు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఢోలక్‌పూర్‌లో చుట్కీ పని ఏంటి? వాళ్ళమ్మ లడ్డూల దుకాణంలో సాయం, భీమ్‌కి లడ్డూలు అందించడం. తెలివైన పిల్లే, కథల్లో ధైర్యం కూడా చూపిస్తుంది. అయినా కథ తిరిగేది భీమ్ చుట్టూనే. ఎప్పుడూ ఏడిపించే పిల్లాడి పేరు కాలియా. పేరులోనే నలుపు ఉంది. ఎండలో, ఉప్పుగాలిలో తిరిగే తీర ప్రాంతం పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. బడిలో ఒక పిల్లని 'కాలియా' అని పిలిస్తే ఎంత గుచ్చుకుంటుందో ఆ పిల్లకే తెలుస్తుంది.

చూసేవాళ్ళు ఇవి పట్టించుకోరు అనుకుంటే పొరపాటు. 2020లో లాక్‌డౌన్ సమయంలో భీమ్ చుట్కీని వదిలేసి రాజకుమారి ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని ఒక ప్రచారం పాకింది. 'చుట్కీకి న్యాయం కావాలి' అంటూ సోషల్ మీడియాలో హోరెత్తించారు. చివరికి గ్రీన్ గోల్డ్ సంస్థే ముందుకొచ్చి, ఆ పాత్రలన్నీ ఇంకా చిన్నపిల్లలే, పెళ్ళి జరగలేదు అని వివరణ ఇచ్చుకుంది. చాలామంది నవ్వుకున్నారు. కానీ లడ్డూలు పెట్టిన పిల్లకి దక్కిందేంటి అన్న ప్రశ్న మాత్రం సరదా ప్రశ్న కాదు. చిన్నప్పుడు ఆ కార్టూన్ చూసి పెరిగినవాళ్ళు, పెద్దయ్యాక అందులోని ఆడపిల్ల పాత్రని కొత్తగా చూడటం మొదలుపెట్టారు.

తెర మీద మన బిడ్డ ఎక్కడ?

1992లో డిస్నీ తీసిన 'అల్లాద్దీన్' మొదటి పాటలో అరబ్బుల నేలని చెవులు కోసే అనాగరిక దేశంగా వర్ణించే మాటలు ఉండేవి. అమెరికాలోని అరబ్ హక్కుల సంఘం అభ్యంతరం చెప్పింది. 1993లో వీడియో క్యాసెట్ వచ్చేసరికి చెవుల మాట తీసేశారు. అనాగరికం అన్న మాట మాత్రం అప్పటికి అలాగే ఉంచారు. ఆ సినిమాలో ఇంకో అభ్యంతరం కూడా వినిపించింది: మంచివాళ్ళు అమెరికన్ యాసలో మాట్లాడతారు, దుర్మార్గులకి మాత్రం అరబ్ యాస.

మన దేశపు కార్టూన్లలో సమస్య వేరు. చెడ్డగా చూపించడం కంటే అసలు చూపించకపోవడమే ఎక్కువ. ఊళ్ళో జాతర ఉంటుంది, పండగలుంటాయి. పక్కింటి నుంచి సేమియా గిన్నె రాదు. బిడ్డ దాన్ని మాటల్లో చెప్పలేడు. కానీ 'మనం కథల్లో ఉండం' అన్నది మెల్లగా మనసులో నాటుకుంటుంది.

అందుకు భిన్నంగా వచ్చింది పాకిస్తాన్ కార్టూన్ 'బుర్ఖా అవెంజర్'. గాయకుడు హారూన్ సృష్టించిన ఈ సిరీస్ 2013 జూలైలో మొదలైంది. జియా అనే టీచరమ్మ, ఆడపిల్లల బడిని మూయించాలని చూసేవాళ్ళతో పోరాడుతుంది. ఆయుధాలు పుస్తకాలు, కలాలు. దీనికి అమెరికాలో పేరున్న పీబాడీ అవార్డు వచ్చింది. 2015లో జీక్యూ ఛానల్ దీన్ని మన దేశానికి తెచ్చింది. ఇంగ్లీషు, హిందీ, తమిళంతో పాటు తెలుగులో కూడా ప్రసారమైంది.

దీని మీద కూడా ముస్లింలలో ఒకే అభిప్రాయం లేదు. బుర్ఖా వేసుకున్న ఆడమనిషి హీరో కావడం గర్వంగా ఉందన్నారు కొందరు. అణచివేతకి గుర్తైన దుస్తుల్ని పిల్లలకి అందంగా చూపిస్తున్నారు అన్నారు ఇంకొందరు. జియా మామూలు వేళల్లో బుర్ఖా వేసుకోదు, పోరాటానికి వెళ్ళేటప్పుడే వేసుకుంటుంది. పర్దాని మారువేషం చేశారని మరికొందరి అభ్యంతరం. ఒకే కార్టూన్‌ని ఒకే మతం వాళ్ళు ఇన్ని రకాలుగా చూశారు. సందేశం తెర మీద ఎంత ఉంటుందో చూసేవాళ్ళ ఇంట్లో కూడా అంత ఉంటుంది.

ఆపేస్తే సరిపోతుందా?

జపాన్ కార్టూన్ షించాన్‌ని, పిల్లలు పెంకిగా తయారవుతున్నారన్న ఫిర్యాదులతో 2008లో మన దేశంలో ఆపేశారు. తర్వాత కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. హిందీ డోరేమాన్ వల్ల పిల్లలు బెంగాలీ మర్చిపోతున్నారని 2013లో బంగ్లాదేశ్ దాన్ని నిలిపేసింది. 2016లో పాకిస్తాన్ పంజాబ్ అసెంబ్లీలోనూ డోరేమాన్ మీద నిషేధం కోరుతూ తీర్మానం పెట్టారు.

అవి టీవీ ఒక్కటే దిక్కైన రోజులు. ఇప్పుడు ఛానల్ ఆపితే బిడ్డ ఫోన్ తీస్తాడు. పైగా దాచిన దాని మీదే పిల్లలకి మోజు.

మన ఇళ్ళలో ఎక్కువ తర్జనభర్జన పడేది దేవుళ్ళ కథల కార్టూన్ల గురించి. అఖీదా దెబ్బతింటుందని కొందరు అసలు పెట్టనివ్వరు. చుట్టూ ఉన్నవాళ్ళ కథలు తెలిస్తే తప్పేంటి, బడిలో రేపు అవే పాఠాలు కదా అని ఇంకొందరు అంటారు. ఏ దారి ఎంచుకున్నా ఒక్క జాగ్రత్త అవసరం. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని సూరా అల్ అన్‌ఆమ్‌లో స్పష్టమైన ఆదేశం ఉంది. "అది చూడకు, అది చెడ్డది" అంటే బిడ్డ ఆ మాటని రేపు పక్కింటి నేస్తం ముందు అంటాడు. "అది వాళ్ళ నమ్మకం. మనం అల్లాహ్‌నే ఆరాధిస్తాం" అంటే అఖీదా నిలబడుతుంది, నేస్తమూ మిగులుతాడు.

అమ్మీ, అబ్బా చేయగలిగినవి

పక్కన కూర్చోవడం అన్నిటికంటే ముఖ్యం. రోజూ కుదరకపోయినా, కొత్త కార్టూన్ మొదలుపెట్టినప్పుడు ఒకటి రెండు ఎపిసోడ్లు కలిసి చూడాలి. పాఠం చెప్పినట్టు కాకుండా మాటల్లో మాటగా అడగాలి: "వాడు చెడ్డవాడని నీకు ముందే ఎలా తెలిసింది? రంగు చూసా, గడ్డం చూసా, చేసిన పని చూసా?" "ఆ అమ్మాయి హీరో అయితే కథ ఎలా ఉండేది?" ఇలాంటి ప్రశ్నలకి అలవాటుపడ్డ పిల్లలు మనం లేనప్పుడు కూడా అదే కళ్ళతో చూస్తారు.

సమయం మీద లెక్క ఉండాలి. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం సూచన.

ఫోన్ ఇవ్వక తప్పకపోతే మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ పెట్టాలి. పెద్దలు ఎంచిన వీడియోలు మాత్రమే కనపడేలా అందులో సెట్ చేసుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ లాంటి వాటిలో 2021 ఐటీ నియమాల ప్రకారం వయసు ముద్ర ఉంటుంది. 13 ఏళ్ళు పైబడినవారికి అని ఉన్న వాటికి పేరెంటల్ లాక్ తప్పనిసరి.

నిజంగా అభ్యంతరకరమైనది కనిపిస్తే వాట్సాప్‌లో తిట్టుకుని ఊరుకోవద్దు. మతాల మీద, సమూహాల మీద దాడి చేసే కార్యక్రమాలు ఉండకూడదని, పిల్లల కార్యక్రమాల్లో చెడ్డ భాష, తీవ్ర హింస ఉండకూడదని కేబుల్ టీవీ నియమావళిలో ఉంది. ముందు ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 15 రోజుల్లో వాళ్ళు తేల్చాలి. సంతృప్తి లేకపోతే ఆ ఛానల్ ఉన్న స్వీయ నియంత్రణ మండలికి అప్పీలు చేయొచ్చు. ఆ తర్వాత కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఉంది. ఛానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, సమయం, ఏ దృశ్యం మీద అభ్యంతరమో రాసి పెట్టుకుంటే ఫిర్యాదుకి బలం ఉంటుంది. అప్పీలు చేయడానికీ 15 రోజులే గడువు కాబట్టి, జవాబు వచ్చిన తేదీని కూడా రాసుకోవాలి.